ఊకబూడిదతో నురుగు కాంక్రీటు దిమ్మలు
(సంఘ సభ్యులకొక పాఠము)

రావులపాలెము మొదలు ఆలమూరు, మండపేట, రామచంద్రపురము వరకు గల ధాన్యపు మిల్లులలో బాయిలరు క్రింద మండుచున్నది మన రైతులు పండించిన ధాన్యపు ఊకయే. ఆ ఊక కాలిన పిదప మిగులు బూడిద మిల్లుల వెనుక దిబ్బలుగా పెరుగుచున్నది. గాలి వీచినప్పుడు బాటసారుల కన్నులలో పడుచున్నది. వాన కురిసినప్పుడు బోదెలలోనికిని మురుగుకాలువలలోనికిని దిగుచున్నది. అదే ప్రాంతమున ఇటుకబట్టీల కొరకు పొలముల పైమన్ను ట్రాక్టరుల కెక్కుచున్నది. ఒక ప్రక్క పనికిరాదని పారవేయుచున్నాము. మరియొక ప్రక్క తిరిగి రానిదానిని అమ్ముకొనుచున్నాము. ఈ రెండింటిని ఒకచోట జేర్చి లెక్క చూచుటయే ఈ పాఠమున కుద్దేశము.

ఈ బూడిదను సిమెంటుతోను, నురుగుతోను కలిపి తేలికయైన గోడదిమ్మలు చేయవచ్చును. ఆ దిమ్మలు ఇటుకకు బదులు కొన్ని చోట్ల పనికివచ్చును. కొన్ని చోట్ల పనికిరావు. ఏది యెక్కడ నన్నది తెలియక మొదలిడినవాడు నష్టపడును. కావున లాభమును, లోపమును గూడ దాచక వ్రాయుచున్నాను.

1. పైమన్ను విలువ

వేయి యిటుకలు కోయుటకు సుమారు 2½ ఘనమీటర్ల మన్ను కావలెను. ఒక యెకరము పొలమునుండి అడుగు లోతున మన్ను తీసినచో సుమారు 1,230 ఘనమీటర్లు వచ్చును. అనగా రమారమి 5 లక్షల యిటుకలు. ఒక మోస్తరు యింటికి 25,000 ఇటుకలు పట్టుననుకొన్నచో, ఆ యిల్లు అయిదు సెంట్ల భూమిని అడుగు లోతున మ్రింగినదని అర్థము.

ఆ అడుగు మన్ను సామాన్యమైనది కాదు. పశువులపెంట, పచ్చిరొట్ట, జీలుగ, పిల్లిపెసర, వేళ్లు కుళ్లిన సారము, సూక్ష్మజీవులు అన్నియు ప్రధానముగా ఆ పైపొరలోనే యున్నవి. క్రింది మన్ను చూచుటకు నల్లగానే యుండవచ్చును గాని పైరున కది తల్లి కాదు, సవతితల్లి. లంకభూములకు వరద వచ్చినప్పుడు క్రొత్త ఒండ్రు చేరును. గట్లకు లోపల నున్న పొలములకు వరద రాదు. కాలువనీటితో వచ్చు కొద్దిపాటి ఒండ్రు తప్ప వేరు భర్తీ లేదు. కావున తీసిన మన్ను మన యెరుకలో తిరిగి రాదు.

మరియొక చిక్కును గలదు. మెరకచేనును నీటిపారుదలకై సమము చేయుట మంచిపనియే. కాని ప్రక్కచేలకంటె అడుగు దిగిన చేనునకు మురుగు బాధ తప్పదు. కోనసీమలో మురుగు దిగక పంటలు పోవుట మనలో నెవరికి తెలియనిది? ఇటుకమన్నునకు వచ్చిన రొక్కము ఒకయేడు ఖర్చగును. దిగిన చేను ప్రతి తొలకరికిని దిగియే యుండును. భూమి తాతలు మన కప్పగించినది. మనుమలకు మన మప్పగింపవలసినది.

ఈ సంగతి ప్రభుత్వమువారును గుర్తించిరి. పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1999 సెప్టెంబరు 14వ తేదీన కేంద్రప్రభుత్వ మొక యాజ్ఞ వెలువరించెను. థర్మల్ విద్యుత్కేంద్రమునకు 50 కిలోమీటర్లలోపల ఇటుకలు చేయువారు తమ మన్నులో బొగ్గుబూడిదను కలుపవలెనని అందు విధించిరి. పైమన్నును కాపాడుటయు అందలి యుద్దేశములలో నొకటి. 2003లో ఆ దూరమును 100 కిలోమీటర్లకు పెంచిరి. తరువాత సవరణలు జరిగి, 2021 డిసెంబరు 31న దానికి బదులు క్రొత్త యాజ్ఞ వచ్చినది.

2. బూడిద యెంత లభించును?

ధాన్యము నూరు పాళ్లలో సుమారు 20 పాళ్లు ఊక. ఆ ఊకను కాల్చినచో అందులో నూటికి సుమారు 20 పాళ్లు బూడిద మిగులును. కావున 75 కిలోల ధాన్యపు బస్తా ఒకటికి 15 కిలోల ఊకయు, 3 కిలోల బూడిదయు వచ్చును. ఎకరమునకు 30 బస్తాలు పండినచో ఒక పంటకు 90 కిలోల బూడిద.

తక్కిన పైరుల బూడిదవంటిది కాదు ఊకబూడిద. అందులో నూటికి 85 మొదలు 95 పాళ్లవరకు సిలికా యనెడి పదార్థ ముండును. ఇసుకలోనున్నదియు ఆ సిలికాయే. కాని ఇసుకలో నది రాతివలె గట్టిపడి నిద్రించుచుండును. వరిమొక్క దానిని నేలనుండి నీటితో పీల్చి ఊకలో నతిసూక్ష్మముగా పొదిగియుంచినది. ఊకను మితమైన వేడిలో, అనగా సుమారు 700 డిగ్రీలకు మించకుండ కాల్చినచో, ఆ సిలికా చురుకుదనము పోగొట్టుకొనదు. అంతకంటె మిక్కిలి వేడిలో చాలసేపు కాలినచో అదియును ఇసుకవలె మొద్దుబారును.

బూడిదను మొదట పొలమునకే వాడుకొనవలెనన్నది నా అభిప్రాయము. నారుమడిలో చల్లిన బూడిద మన్నును గుల్లపరచును. నారు తీయునప్పుడు వేళ్లు తెగక సులభముగా వచ్చును. పొలమునకు పోగా మిగిలిన దిబ్బల సంగతియే ఇక్కడ చెప్పుచున్నది.

3. బూడిద యేల బిగిసికొనును?

బూడిద కట్టడమునకు పనికివచ్చుట క్రొత్త వింత కాదు. మన తాతలు గానుగసున్నములో సురికి, అనగా ఇటుకపొడి, కలిపి మేడలు కట్టిరి. ధవళేశ్వరమున కాటన్ దొరగారు 1847 మొదలు 1852 వరకు కట్టించిన పాత ఆనకట్ట సిమెంటు మన దేశమునకు రాకపూర్వపు పని. దానికి రాయి, సున్నములే ఆధారము. రోమునగరమువారు సున్నములో అగ్నిపర్వతపు బూడిద కలిపి కట్టిన పాంథియన్ అను గుడి గుమ్మటము క్రీస్తుశకము రెండవ శతాబ్దము నుండి నేటివరకు నిలిచియున్నది. ఆ గుమ్మటపు పైభాగమున వారు బరువురాళ్లకు బదులు గుల్లరాళ్లను వాడిరి. పైకి పోయినకొలది బరువు తగ్గవలెనన్న బుద్ధి నాడే యున్నది.

దీని కారణము తేలికగా తెలియును. సిమెంటు నీటితో కలిసి బిగియునప్పుడు కొంత సున్నము విడిచిపెట్టును. ఆ సున్న మొంటరిగా నున్నప్పుడు బలహీనము. చురుకైన సిలికా ప్రక్కన నున్నచో రెండును కలిసి క్రొత్త బంధనపదార్థముగా మారును. కాబట్టి మెత్తగా విసరిన ఊకబూడిద, సిమెంటు విడిచిన సున్నమును పట్టుకొని, తానును కొంత సిమెంటు పని చేయును. అమెరికాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన పి. కుమార్ మెహతాగారు 1970 దశకమున ఊకబూడిద సిమెంటును గూర్చి విశేషముగా పరిశోధించిరి.

విశాఖపట్టణమున ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ గారలు బొగ్గుబూడిద, సున్నము, జిప్సము కలిపి బట్టీలో కాల్చకయే గట్టిపడు ఇటుకను తయారుచేసి ఫాల్‌-జి యను పేర ప్రచారము చేసిరి. అందులో నురుగు లేదు. కాని మన్ను త్రవ్వక, నిప్పు పెట్టక ఇటుక చేయవచ్చునని మన తెలుగుగడ్డమీదనే రుజువైనదని తెలుపుట కీ మాట చెప్పితిని.

4. నురుగు కాంక్రీటు అననేమి?

సామాన్యపు కాంక్రీటు ఘనమీటరునకు సుమారు 2,400 కిలోలు తూగును. నురుగు కాంక్రీటులో కంకర యుండదు. సిమెంటు, మెత్తని బూడిద లేక సన్నయిసుక, నీరు కలిపి గంజివలె చేసి, అందులో విడిగా తయారుచేసిన నురుగును కలుపుదురు. నురుగులోని సన్నని బుడగలు బిగిసిన తరువాత గదులుగా మిగులును. అట్లు చేసిన దిమ్మ ఘనమీటరునకు 800 నుండి 1,800 కిలోలవరకు, మనము కోరిన ప్రకారము, తూగునట్లు చేయవచ్చును. బుడగల కాంక్రీటులో మరియొక జాతి, ఆవిరిలో పచనము చేయునది, స్వీడను దేశమున ఆక్సెల్ ఎరిక్‌సన్ గారిచే 1924లో పేటెంటు పొందినది. దానికి పెద్ద యంత్రాగారము కావలెను. మన మిచ్చట చెప్పునది ఆవిరి అక్కరలేని నురుగు జాతి. మన దేశపు ప్రమాణసంస్థవారు దీనికి ఐ.ఎస్. 2185, నాలుగవ భాగము అను ప్రమాణమును 2008లో ప్రకటించిరి.

లెక్క చూడుడు. 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు గల దిమ్మ యొకటి పరిమాణములో సుమారు 12 ఇటుకలకు సమానము. పండ్రెండిటుకలు 40 కిలోల ప్రాంతమున తూగగా, ఘనమీటరునకు 900 కిలోల జాతి దిమ్మ 22 కిలోలలోపుగా తూగును. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళముల మందము గల ఇటుకగోడ రమారమి 4 టన్నులు. అదే గోడ ఈ దిమ్మలతో 2 టన్నులు. మెత్తని బంకనేలమీద పునాది వేయు మనకు గోడకు రెండేసి టన్నులు తగ్గుట అల్పవిషయము కాదు. బుడగలలోని గాలి వేడిని తొందరగా లోనికి రానీయదు గనుక ఎండకాలమున గది కొంత చల్లగా నుండును.

5. బూడిదను పరీక్షించు విధము

ప్రతి బూడిదయు పనికిరాదు. ఈ పరీక్షలు రైతు తన యింటనే చేయవచ్చును.

(అ) రంగు. తెలుపు లేక లేతబూడిదరంగు మంచిది. కారునలుపైనచో అందు కాలని బొగ్గు మెండుగా నున్నదని గుర్తు. బొగ్గు నురుగుమందును పీల్చివేయును. బుడగలు చితికి దిమ్మ అచ్చులోనే క్రుంగును. నలుపు బూడిద నురుగు కాంక్రీటునకు శత్రువు.

(ఆ) మెత్తదనము. ఊకబూడిద రేణువు గుల్లగా నుండి నీటిని త్రాగును. పిండిమరవంటి యంత్రమున సిమెంటంత మెత్తగా విసరినగాని వాడరాదు.

(ఇ) చురుకుదనము. విసరిన బూడిద రెండు పాళ్లు, పొడిసున్నము ఒక పాలు కలిపి నీటితో ముద్దచేసి నిమ్మకాయలంత ఉండలు చుట్టి, తడిగోనె క్రింద పదునైదు దినము లుంచుడు. తరువాత నీటిలో వేసినచో కరగక, గోటికి లొంగక నిలిచిన బూడిద చురుకైనది. బురదగా విడిపోయినది మొద్దుబూడిద. ఈ పరీక్ష మంచిచెడ్డలు వేరుచేయుటకే గాని బలమును కొలుచుటకు గాదు.

ఇటుకబట్టీల అడుగున దొరకు బూడిదలో మన్ను, పెళ్లలు కలిసియుండును. మిల్లుబూడిదయే శ్రేష్ఠము.

6. చేయు క్రమము

ఊకబూడిద సిమెంటులో కొంతభాగమునకు మాత్రమే బదులుగా నుండగలదు. నూటికి 10 మొదలు 15 పాళ్లు మించకుండుట మంచిది. ఇసుకకు బదులుగా వాడుటకు థర్మల్ విద్యుత్కేంద్రముల బొగ్గుబూడిద యుక్తము. మన దేశపు బొగ్గులో బూడిదపాలు హెచ్చు. ఇబ్రహీంపట్టణమునందలి నార్ల తాతారావు కేంద్రమును, విశాఖపట్టణము చెంతనున్న సింహాద్రి కేంద్రమును మనకు రహదారిమీద నందుబాటులో నున్నవి.

మొదటి ప్రయోగమున కీ పాళ్లు సరిపోవును: సిమెంటు 50 కిలోలు, విసరిన ఊకబూడిద 7 కిలోలు, బొగ్గుబూడిద 90 కిలోలు, నీరు 48 లీటర్లు, నురుగు 92 లీటర్లు. అంతయు కలిసి సుమారు 200 లీటర్లగును. పై కొలత దిమ్మలు ఎనిమిది వచ్చును. ఇది తుది కొలత కాదు. బూడిదనుబట్టి నీరు, నురుగు సవరించుకొనవలెను.

మొదటి పని: సిమెంటును, బూడిదలను పొడిగా బాగుగా కలిపి పిదప నీరుపోసి ఉండలు లేకుండ జారుగంజివలె చేయవలెను.

రెండవ పని: నురుగుమందును, అమ్మకపుదారులు చెప్పిన పాళ్ల ప్రకారము నీటిలో కలిపి, గాలియంత్రము ద్వారా నురుగుగా తీయవలెను. ఆ నురుగు లీటరు 50 మొదలు 80 గ్రాములవరకు తూగవలెను. బాల్చీలో నింపి తలక్రిందు చేసినను జారక నిలుచునది మంచినురుగు. బట్టల సబ్బునురుగు దీనికి పనికిరాదు. సిమెంటు బిగియకమునుపే అది చచ్చును.

మూడవ పని: నురుగును గంజిలో మెల్లగా, పెరుగులో మీగడ కలిపినట్లు కలుపవలెను. కలిపిన ముద్దను లీటరు డబ్బాలో నింపి తూచుడు. ఒక కిలో తూగినచో ఘనమీటరునకు 1,000 కిలోల ముద్ద యని అర్థము. ఆరిన పిదప అది 900 కిలోల లోపునకు దిగును. 1,100 గ్రాములు తూగినచో నురుగు చాలలేదు. 900 తూగినచో మించినది. కాటా, లీటరు డబ్బా ఈ పనికి రెండు కన్నులు. వీనిని విడిచి చేతియంచనాతో చేయువాని దిమ్మలు ఒకటి రాయిగను, ఒకటి రొట్టెగను ఉండును.

నాల్గవ పని: నూనె రాచిన అచ్చులలో ముద్దను ఒక్కసారిగా పోయవలెను. కుమ్మరాదు, అదరగొట్టరాదు, బుడగలు చితుకును.

అయిదవ పని: మరునాడు అచ్చు విప్పి, నీడలో తడిగోనెల క్రింద పదునాలుగు దినములకు తక్కువ గాకుండ తడుపవలెను. బూడిద పని నెమ్మది పని. తడి ఆరినచో అది మధ్యలో ఆగిపోవును. 28 దినములు నిండకుండ గోడకు వాడరాదు. పచ్చిదిమ్మతో కట్టిన గోడ ఆరునప్పుడు ముడుచుకొని బీటలిచ్చును.

మంచిదిమ్మను పగులగొట్టి చూచినచో పైనుండి క్రిందివరకు ఒకేరీతి సన్నని గదులు కనబడును. పైన పెద్ద తొఱ్ఱలును, క్రింద మొద్దుపొరయు నున్నచో నురుగు చచ్చినదని తెలియవలెను.

పనివారి యారోగ్యమును మరువరాదు. విసరిన బూడిద ధూళి ఊపిరితిత్తులకు హానికరము. ముక్కునకు, నోటికి తగిన తొడుగు లేక విసరుపని చేయింపరాదు. సిమెంటుగంజి చర్మమును కాల్చును, చేతితొడుగులు కావలెను.

7. ఎక్కడ వాడవచ్చును? ఎక్కడ వాడరాదు?

ఘనమీటరునకు 900 కిలోల జాతి దిమ్మ చదరపు సెంటీమీటరునకు 20 మొదలు 35 కిలోల బరువును మాత్రమే ఓర్చును. కావున అది స్తంభములకు మధ్యనుండు గోడలకును, లోపలి అడ్డుగోడలకును, పశువులకొట్టములకును, మోటారుకొట్టులకును తగును. పైకప్పు బరువు స్తంభములును దూలములును మోయవలెను గాని యీ గోడ మోయరాదు. బరువు మోయు గోడలకు 1,200 కిలోలు మొదలుకొని హెచ్చు జాతులు వేరుగా నున్నవి. వానిని ఇంజనీరు సలహాతోగాని వాడరాదు.

పునాదిలోను, నేలమట్టమునకు దిగువను వాడరాదు. 1986 ఆగస్టులో గోదావరి వరద లంకగ్రామములను ముంచినది పెద్దవా రెరుగుదురు. బుడగలదిమ్మ నీటిలో దినములకొలది నానుట మంచిది కాదు. అరుగుమట్టమువరకు రాయిగాని, గట్టి కాంక్రీటుగాని, మంచి కాల్చిన ఇటుకగాని వేసి, దానిపైన ఈ దిమ్మ పేర్చవలెను. రెండువైపుల గిలాబా తప్పనిసరి.

గాలివాన సంగతి అంతకంటె ముఖ్యము. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ కొబ్బరితోటలను, ఇండ్లను నేలగూల్చినది. పునాదికి మేలుచేయు తేలికదనమే పెనుగాలికి కీడు చేయగలదు. స్తంభమునకు కట్టివేయని తేలికగోడ పెనుగాలికి బోర్లపడును. కావున ప్రతి రెండు మూడు వరుసలకొకమారు ఇనుపపట్టీతో గోడను స్తంభమునకు బంధింపవలెను. పొడవుగోడకు నడుమ గట్టి కాంక్రీటు పట్టెను అడ్డముగా పోయవలెను. ఈ ఖర్చును మిగుల్చుకొనదలచినవాడు ఈ దిమ్మల జోలికి పోకుండుటయే మేలు.

8. కలుపరానివి

పాతమేస్త్రీలు సున్నములో బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపిన మాట నిజము. అది సున్నపు శాస్త్రము. సిమెంటులో తీపి పడినచో అది బిగియుటయే మానును. కావున చెరకుపిప్పి, బెల్లపునీరు, అరటిబోదెలు మొదలగునవి ఇందు కలుపరాదు. రావులపాలెపు అరటిమార్కెట్టు చుట్టు మిగులు బోదెలకును, ఆకులకును సరియైన చోటు ఎరువుగుంట.

కొబ్బరిపీచుపొట్టు నీటిని పీల్చును. అందలి వగరు సిమెంటునకు విరోధి. అదియును కుళ్లబెట్టి తోటలకే వేయుడు. ఉప్పునీరు, సముద్రతీరపు ఇసుక కూడ పనికిరావు. ఉప్పు తరువాత గోడపైకి పొంగును, ప్రక్కనున్న స్తంభములోని ఇనుమును తినును.

9. ఖర్చు లెక్క

కొందరు ఈ దిమ్మ ఇటుకకంటె ఎప్పుడును చౌకయని చెప్పుదురు. ఆ మాట అట్లే నమ్మవలదు. పై పాళ్ల ప్రకారము ఒక్కొక్క దిమ్మలో 6 కిలోలకు పైగా సిమెంటు గలదు. కాల్చిన ఇటుకలో సిమెంటు లేదు. 25,000 ఇటుకల గోడకు బదులు సుమారు 2,080 దిమ్మలు కావలెను. వానికి 260 బస్తాల సిమెంటు పట్టును. నురుగుమందు, యంత్రపు అద్దె, బొగ్గుబూడిద లారీకిరాయి దీనికి తోడు. బూడిద ఉచితమైనను కిరాయి ఉచితము కాదు.

లాభము వేరొకచోట వచ్చును. పెద్దదిమ్మ గనుక అతుకులు తక్కువ. అతుకునకు పట్టు సిమెంటు, ఇసుక, మేస్త్రీకూలి తగ్గును. గోడ బరువు సగమగుటచే స్తంభములకును పునాదికిని ఇనుము కొంత తగ్గవచ్చును. కావున దిమ్మధరను ఇటుకధరతో పోల్చరాదు. గిలాబాతో, బంధములతో, పునాదితో సహా పూర్తియైన గోడకు గోడ పోల్చవలెను. ఒంటిగది పెంకుటింటికి ఇనుప స్తంభపు కట్టడము అక్కరలేదు గనుక అచ్చట దిమ్మవలన లాభము కలుగుట అరుదు. స్తంభములతో అంతస్తులు లేపు కట్టడములందు లాభము కనబడును.

అయినను ఒక లెక్క ఇటుకవర్తకుని చిట్టాలో కానరాదు. 25,000 ఇటుకలకు పోయెడి అయిదు సెంట్ల పైమన్ను మనకు మిగులును. ఒక దిమ్మకు సుమారు 0.9 కిలో ఊకబూడిద పట్టును గనుక ఎకరము పంట బూడిదతో నూరు దిమ్మలగును. ఇరువదెకరముల బూడిద ఒక యింటి గోడలకు చాలును.

10. సంఘము చేయదగిన పని

ఒక రైతు నురుగుయంత్రము కొనలేడు; కొనినను ఏడాదిలో పది దినములైన పని చూపలేడు. 1904లో మన దేశమున మొదటి సహకారసంఘముల చట్టము వచ్చినది మొదలు, ఒకనికి మించినది పదిమందికి సాధ్యమగుననుటయే సహకారసూత్రము. అయినను సంఘధనము సభ్యుల ధనము; తొందరపాటు కూడదు. నేను సూచించు క్రమ మిది.

మొదట సంఘ సభ్యులు ధాన్యము తోలు మిల్లులలో మూడు నాలుగింటినుండి బూడిద తెచ్చి, పైన చెప్పిన పరీక్షలు చేసి, తెల్లనిది, చురుకైనది ఏ మిల్లుదో తేల్చుడు. పిదప యంత్రము కొనక, ఇప్పటికే అట్టి దిమ్మలు చేయువారి యంత్రముపై కూలికి ఏబది దిమ్మలు పోయించుడు. వానిలో కొన్నింటిని 28 దినముల తరువాత కాకినాడ, రాజమహేంద్రవరములలోని ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో నలుగగొట్టించి బలము వ్రాయించుకొనుడు. మిగిలినవానితో సంఘపు ఎరువుల గిడ్డంగిలో ఒక అడ్డుగోడ కట్టుడు. ఒక వర్షాకాలము చూడుడు. చెమ్మ, బీటలు, గిలాబా నిలుకడ గమనించి లెక్కతోసహా సర్వసభ్య సమావేశమున చెప్పుడు. అప్పుడు కొనుటయా మానుటయా సభ్యులే తీర్మానింపవచ్చును.

ఈలోపల ఒక పని నేడే చేయవచ్చును. దానికి యంత్రము గాని రొక్కము గాని అక్కరలేదు. పైమన్ను అడుగ వచ్చినవానికి “రేపు రమ్ము” అని చెప్పి, ఆ రాత్రి పై లెక్కను మీ కాగితముపై మీరే వేసి చూడుడు.

పునశ్చరణ ప్రశ్నలు

ప్ర. ఎకరము పొలమున అడుగు మన్ను తీసిన ఎన్ని యిటుకలగును?
జ. సుమారు 5 లక్షలు. ఆ అడుగుతో చేని సారమంతయు పోవును.

ప్ర. 75 కిలోల ధాన్యమునకు బూడిద యెంత?
జ. ఊక 15 కిలోలు. బూడిద 3 కిలోలు.

ప్ర. నల్లబూడిద యేల కూడదు?
జ. అందలి బొగ్గు నురుగును చంపును.

ప్ర. ముద్ద సరిగా నున్నదని ఎట్లు తెలియును?
జ. లీటరు డబ్బాలో తూచిన తెలియును. 900 కిలోల లోపు జాతి దిమ్మకు లీటరు ముద్ద ఒక కిలో తూగవలెను.

ప్ర. ఈ దిమ్మను పునాదికి వాడవచ్చునా?
జ. వాడరాదు. అరుగుమట్టముపైన, స్తంభముల నడుమ, ఇనుపబంధముతో మాత్రమే వాడవలెను.

ప్ర. ఈ దిమ్మ ఎల్లప్పుడు ఇటుకకంటె చౌకయా?
జ. కాదు. పూర్తియైన గోడకు గోడ లెక్క చూచుకొని తేల్చవలెను. మిగిలిన పైమన్ను విలువను ఆ లెక్కలో చేర్చుట మరువరాదు.

— వ్యవసాయ ప్రదర్శకుడు, రావులపాలెము